ఎంగేజ్ టోన్‌లో చెప్పిన మాటలు

ఉదయం తొమ్మిదింటికి షట్టరు పైకి నెట్టి, బల్ల మీద దుమ్ము దులిపి, స్క్రూల డబ్బాలు సైజు వారీగా వరసలో పెట్టుకుంటే తప్ప రిపేరక్క చేతికి పని ఆనదు. ఆ వీధిలో అందరికంటే ముందు తెరిచే దుకాణం ఆవిడదే. ఇరవై ఏళ్ళు టైపు మిషన్లు బాగుచేసింది. అవి పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటి మెకానిక్కులు తలలు పట్టుకుని కూర్చుంటే, ఆవిడ మాత్రం పాతది ఒకటి తెచ్చి నట్టు నట్టూ విప్పి, మళ్ళీ బిగించి, చివర్లో మిగిలిపోయిన రెండు స్క్రూలను చూసి "ఇవి అక్కర్లేనివే" అని పక్కన పెట్టేసింది. ఆ కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ వయసు యాభై దాటింది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. చేతిలో స్క్రూడ్రైవర్‌తో నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఎవరికైనా అలాగే అనాలనిపిస్తుంది.

అలా పిలవనిది ఒక్క గళ్ళాయన మాత్రమే. ఆయన "ఏవండీ" అనేవాడు. ఎందుకని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

గళ్ళాయన అంటే వారపత్రికకి గళ్ళనుడికట్టు కట్టే ఆయన. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. రెండు వీధుల అవతల ఒక దంతవైద్యుడి ఆసుపత్రి మీద మేడ గదుల్లో ఒక్కడే ఉంటాడు. ఇదివరకు ప్రూఫులు దిద్దే పని చేసేవాడు. ఆ ప్రెస్సు మూతపడ్డప్పుడు అక్కడి పాత కంప్యూటర్ ఆయన వంతుకొచ్చింది. వానలు మొదలైన రోజుల్లో రిపేరక్క వెళ్ళి దానికి మోడెం కార్డు పెట్టి, ఫోన్ తీగ కలిపి వచ్చింది. అప్పటినుంచి గళ్ళు పోస్టులో కాక ఫోన్ లైను మీద వెళ్తున్నాయి. ఆ శనివారం పొద్దున ఆవిడకి వచ్చిన మొదటి ఫోన్ ఆయనదే.

"ఏవండీ, నేను. మోడెం మొరాయిస్తోంది. డయల్ చెయ్యమనగానే మౌసు రాయిలా బిగుసుకుపోతోంది. నాలుగింటిలోగా పత్రికకి గళ్ళు చేరాలి. పోయిన వారమే ఆలస్యమైంది. ఈసారి చేరకపోతే ఆ పేజీలో జోకులు వేసుకుంటాం అన్నారు."

"ఈమధ్య కొత్తగా ఏమన్నా తగిలించారా?"

"కొత్తదేం లేదు. పాత మౌసు చచ్చిపోతే కింద డాక్టరుగారు తను వాడి పక్కన పడేసింది ఇచ్చారు."

"దాని తోక చివర గుండ్రంగా ఉందా, వెడల్పుగా ఉందా?"

ఆయన వంగి చూసిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "వెడల్పే."

"అయితే జబ్బేమిటో తెలిసింది. వస్తున్నాను. మీరు మాత్రం దాన్ని కొట్టకండి."

"కొట్టలేదండీ," అన్నాడాయన. తర్వాత కొంచెం ఆగి, "ఒక్కసారే," అన్నాడు.

ఆవిడ సంచి భుజాన వేసుకుని వెళ్ళేసరికి దంతవైద్యుడి ఆసుపత్రిలో పదకొండు కొడుతోంది. గంటలు అయ్యాక గోడ గడియారం ఆడగొంతుతో, "డాక్టరుగారూ, పోయేది పన్ను కాదు, ప్రాణం. ఎత్తండి బాబూ," అంది. బెంచీ మీద బుగ్గలు పట్టుకుని కూర్చున్నవాళ్ళెవరూ తల ఎత్తలేదు. ఆ ఊళ్ళో ఫోన్ ఎంగేజ్ వచ్చినప్పుడు జనం విసుక్కుంటూ ఆ టోన్‌తో అనే మాటలు వృథాగా పోవు. తీగ వెంట వెళ్ళి ఆ ఇంట్లోనే ఎక్కడో ఒకచోట చేరతాయి. కొందరి ఇళ్ళలో పంచదార డబ్బాలో, కొందరి ఇళ్ళలో గొడుగు మడతల్లో. ఎవరికోసం అన్నారో వాళ్ళు వింటే అక్కడితో పోతాయి, లేకపోతే ఉండిపోతాయి. డాక్టరుగారు లోపలి గది వదిలి ఇవతలికి రాడు కాబట్టి ఆ గడియారం ఆరేళ్ళుగా అదే మాట అంటోంది.

రిపేరక్క మెట్లెక్కింది. గళ్ళాయన తలుపు తెరిచి పక్కకి తప్పుకున్నాడు. గదిలో గోడల నిండా ఉండాల్సిన పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. పెట్టెల మీద తాడు కట్టి ఉంది.

"సర్దుతున్నారా?" అంది ఆవిడ, సంచి దించుతూ.

"మా అక్క రమ్మంటోందండీ. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఇంట్లో పై గది ఉంది. నెలాఖరుకి వచ్చేస్తానని ఈ రోజు ఉత్తరం రాసి పెట్టాను. వాళ్ళింట్లోనూ కంప్యూటరుంది, గళ్ళతో పాటు అదీ పంపాలి."

ఆవిడ తల ఊపి, కంప్యూటర్ పెట్టె వెనక్కి వెళ్ళి కూర్చుంది. నాలుగు స్క్రూలు విప్పాల్సినచోట మూడే విప్పినట్టు నాలుగోది చేతికి తగిలాక గాని తెలియలేదు. అలా ఆవిడకి ఎప్పుడూ జరగదు.

పని మాత్రం పనే. మూత తీసి టార్చి వేసి చూపించింది. "ఇదిగో చూడండి. మీ మోడెం మూడో పోర్టులో కూర్చుంది. డాక్టరుగారి మౌసు మొదటి పోర్టులో తగిలింది. పోర్టులు వేరేగాని, ఆ రెండూ యంత్రాన్ని పిలిచే గంట ఒక్కటే. మోడెం గంట కొడితే మౌసు కొట్టిందనుకుంటుంది, మౌసు కొడితే మోడెం అనుకుంటుంది. ఆఖరికి ఎవరికీ పలకదు."

"నాకు అలాంటి బంధువులున్నారు," అన్నాడు గళ్ళాయన.

"బంధువుల్ని నేను చూడను. వీటిని చూస్తాను." ఆవిడ మోడెం కార్డు బయటకి లాగింది. దాని మీద బియ్యపుగింజంత ప్లాస్టిక్ టోపీలు రెండున్నాయి. పట్టకారుతో వాటిని తీసి పక్క సూదుల మీద తొడిగింది. కార్డు మళ్ళీ బిగించాక అది రెండో పోర్టుకి మారింది. బోర్డు మీద అదే నంబరుతో ఖాళీ పోర్టు ఒకటి ముందే ఉంటుంది కాబట్టి, అది అడ్డురాకుండా యంత్రం లేచేటప్పుడు వచ్చే సెట్టింగుల నీలం తెరలోకి వెళ్ళి దాన్ని ఆపేసింది. ఆయన కుర్చీ వెనక నిలబడి ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ఆ వేళ్ళు ఎక్కడా తడుముకోవు.

కంప్యూటర్ లేచింది. మౌసు గుర్తు చేప పిల్లలా కదిలింది. డయల్ నొక్కింది. మౌసు బిగుసుకోలేదు. కాని తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది: పోర్టు వాడుకలో ఉంది.

"ఇంకెవరు వాడుతున్నారు?" అన్నాడాయన.

ఆవిడ పెట్టెలోకి వంగి, మోడెం కార్డు మీద ఉండే గుండీ అంత స్పీకరు దగ్గర చెవి పెట్టింది. లోపల గుసగుస వినిపించింది. ఒకరిది కాదు, నలుగురైదుగురిది.

"మాటలు చేరాయండీ. అందరి ఇళ్ళలో ఏ డబ్బాలోనో చేరితే, మీ ఇంట్లో ఇందులో చేరాయి. కార్డు నిండిపోయింది. మీరు కూర్చుని వింటే ఖాళీ అవుతుంది."

"ఓస్, అంతేనా," అన్నాడు గళ్ళాయన.

అంతే అయితే బాగానే ఉండేది. మోడెం పెట్టి వెళ్ళిన వారానికి, అది ఎలా పనిచేస్తోందో కనుక్కుందామని రిపేరక్క ఒక శనివారం ఫోన్ చేసింది. ఆయన అప్పుడు గళ్ళు పంపుతున్నాడు, ఎంగేజ్ వచ్చింది. మరుసటి శనివారమూ అంతే. మూడోసారి ఎంగేజ్ వస్తుందని తెలిసే చేసింది. ఆవిడ ప్రతి వారం ఆయన గళ్ళు నింపుతుంది. టోన్ కుయ్ కుయ్‌మంటుంటే దాంతో మాట్లాడటం అలవాటైంది. ఆ మాటలు ఆయన ఇంట్లో వాడని గిన్నెలోనో అటక మీద పెట్టెలోనో పడి ఉంటాయిలే అని సర్దిచెప్పుకుంది. ఎప్పుడో ఒకనాడు ఆయన వింటాడని తెలియదా అంటే, తెలుసు.

సంచిలో కొత్త మోడెం కార్డు ఉంది. పాతది తీసి అది పెడితే పది నిమిషాల పని. మాటలతో సహా పాత కార్డు సంచిలో పడుతుంది, ఆయన ఊరు దాటిపోతాడు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. కార్డు బయటికి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఇది వేస్తే వినక్కర్లేదా?" అన్నాడాయన.

"అక్కర్లేదు."

"మరి వెయ్యండి. టైము లేదు కదా."

రిపేరక్క కార్డు వంక చూసింది. ముప్పై ఏళ్ళ పనిలో ఆవిడ ఎవరి ఇంట్లోంచీ తనది కానిది ఏదీ పట్టుకుపోలేదు. టైపు మిషన్‌లో ఇరుక్కున్న ఉత్తరాలు కూడా చదవకుండా మడిచి ఇచ్చింది.

"వెయ్యనండీ," అంది. "మాటలు మీవి. ఎవరికి చెప్పినవి వాళ్ళు వినాలి. పావుగంట పడుతుంది, నాలుగింటికి ఇంకా చాలా టైముంది." కార్డు తీసి సంచిలో పెట్టేసి, కీబోర్డు మీద రెండు ఆదేశాలు కొట్టి స్పీకరు శబ్దం పైకి పెంచింది. "నేను బయట ఉంటాను. అది నా పద్ధతి."

మెట్ల మీదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. వేసినా లాభం లేకపోయింది, స్పీకరు అంత పెంచింది తనే కదా. మొదట పత్రికాఫీసు గొంతు: "ఈయన లైను ఖాళీ అయ్యేలోపు నేను రిటైరైపోతాను." తర్వాత దంతవైద్యుడు: "పైన కుర్చీ లాగకండి మహాప్రభో, పేషెంటు నోట్లో నా డ్రిల్లుంది." గళ్ళాయన నవ్వడం వినిపించింది.

తర్వాత ఒక పెద్దావిడ గొంతు, నింపాదిగా: "ఎంగేజే. పోనీలే. వీడొస్తే పై గది ఖాళీ చెయ్యాలి. ఇంతకాలానికి నాకంటూ ఒక గది దొరికింది, కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకున్నాను. మళ్ళీ మెట్ల కిందికి దించుకోవాలి. సరే, ఏం చేస్తాం, తమ్ముడాయె. ఒంటరివాడు. రమ్మనకపోతే బాగుండదు."

లోపల నవ్వు లేదు.

తర్వాత తన గొంతు. రిపేరక్క మెట్ల కమ్మీ పట్టుకుంది. కిందికి పన్నెండు మెట్లున్నాయి, వీధి తలుపు తెరిచే ఉంది. ఆవిడ దిగలేదు. తను అన్న ప్రతి మాటా నిలబడి విన్నది.

"ఏవండీ, 'నాలుగు కాళ్ళున్నా నడవనిది, రెండక్షరాలు' అన్నారు. బల్ల, పీట, కుర్చీ, మంచం. నాలుగూ సరిపోతాయి. మీ ఇంట్లో ఏదుంటే అది రాశారా?"

"ఈ వారం బాగుంది. 'ఎటునుంచి చదివినా చిన్న నిద్రే.' కునుకు. అది తట్టగానే ఒక్కదాన్నే దుకాణంలో కూర్చుని నవ్వాను. ఎవరికైనా చెబుదామని పక్కకి తిరిగితే అన్నీ విప్పిన పెట్టెలే."

చివరిది నెమ్మదిగా వచ్చింది. "ఇవాళ మీరు ఎత్తితే మోడెం ఎలా ఉందని అడుగుతాను. ఎత్తలేదు కాబట్టి నిజం చెబుతున్నాను. నాకు మోడెంతో పని లేదండీ. మీతోనే."

కింద డాక్టరుగారు ఎవరినో పుక్కిలించమంటున్నాడు. అప్పుడు డయల్ టోన్ వినిపించింది, అంకెలు ఒకటొకటిగా మోగాయి, మోడెం ఒకసారి గొంతు సవరించుకుని, బుసకొట్టి, కీచుమని, అవతలి మోడెంతో మాట కలిపింది. ఆయనే డయల్ చేశాడు.

రిపేరక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం ఎర్రబడి ఉంది.

"బల్ల," అన్నాడు. "నేను రాసుకునేది బల్ల మీదే. అందుకని అదే తోచింది."

"అదేం న్యాయమండీ? నింపేవాళ్ళకి మీ బల్ల ఎలా కనిపిస్తుంది?"

"కనిపించదు. తప్పు నాదే." ఆయన లేచి పుస్తకాల పెట్టె ఒకటి జరిపి, దాని కింద ఇరుక్కున్న రెండో కుర్చీ తీసి తన పక్కన వేశాడు. ఈసారి కుర్చీని ఎత్తిపట్టి, చప్పుడు కాకుండా తెచ్చాడు. "కూర్చోండి. ఇకమీదట పంపేముందు మీకు చూపిస్తే ఇలాంటివి దొర్లవు."

ఆవిడ కూర్చుంది. గళ్ళు వెళ్ళిపోయాయి, చేరినట్టు పత్రిక నుంచి జవాబు కూడా వచ్చింది. ఇక రెండో ఉత్తరం మిగిలింది. అది తెర నిండా ఉంది: బస్సు వేళలు, సామాను వివరాలు, అక్కకి శ్రమ ఇస్తున్నందుకు మన్నింపులు. గళ్ళాయన చెరిపే మీట మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచాడు. అడుగునుంచి పైకి వరసలు మాయమవుతూ పోయి, చివరికి "అక్కా" ఒక్కటే మిగిలింది.

దాని కింద "నేను ఇక్కడే ఉంటాను" అని కొట్టాడు. కొట్టి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ప్రూఫులు దిద్దిన కళ్ళకి ఏ వాక్యమూ ఒకంతట నచ్చదు.

"ఎనిమిదక్షరాలు," అన్నాడు. "ఎక్కువేమో. మీరైతే ఎన్నింటిలో సరిపెడతారు?"

రిపేరక్క తెర మీదికి వంగి, పెదవులు కదుపుతూ లెక్క చూసుకుంది.

"ఉంటాను," అంది. "మూడు చాలు."

ఆయన మిగతా ఐదూ చెరిపేసి, పంపమని నొక్కాడు.