అద్దానికి రెండు పేజీలు

పిల్ల పుట్టకముందు ఆమెను ఇంటిల్లిపాదీ పుస్తకాల పురుగు అనేవారు. పుట్టాక ఎవరూ అనడం లేదు. అన్నన్నాళ్ళూ పైకి చిరాకుపడింది కానీ, అనకపోతేనే ఎక్కువ గుచ్చుకుంటుందని ఇప్పుడు తెలిసొచ్చింది. రెండేళ్ళలో ఏడు నవలలు మొదలుపెట్టింది. ఒక్కటంటే ఒక్కటి చివరిదాకా చదవలేదు.

ఏడూ ఆడపడుచు ఇచ్చినవే. ఆ అమ్మాయికి తపాలా ఆఫీసులో ఉద్యోగం, పెళ్ళీ పెటాకులూ లేవు, వారానికి రెండు నవలలు అవలీలగా ముగించేస్తుంది. ఇచ్చిన పుస్తకం వెనక్కి తీసుకున్నప్పుడల్లా సగంలో ఒక బుల్లి కాగితం కవరు కనిపించేది. వదిన పనిచేసే కళ్ళద్దాల షాపుకు విడి అద్దాలు ఆ కవర్లలోనే వస్తాయి. చదవడం ఆగిన చోట వదిన పెట్టుకున్న గుర్తు అన్నమాట. ఆ ఏడు కవర్లనీ ఆడపడుచు ఒక బిస్కట్ల డబ్బాలో దాచిపెట్టింది. ఇంటికొచ్చినప్పుడు ఆ డబ్బా ఊసెత్తకుండా వెళ్ళేది కాదు.

ఎనిమిదో పుస్తకం చేతిలో పెడుతూ, "ఇదే ఆఖరు వదినా," అంది. "నాలుగు వందల పన్నెండు పేజీలు. వచ్చే నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి వస్తా. అయిపోతే సరే. అవ్వలేదో, ఎనిమిదో కవరు కూడా నా డబ్బాలోకే. ఇక నీకు పుస్తకాలు మోసుకురావడం నావల్ల కాదు."

నవ్వుతూనే అంది. ఈమె కూడా నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ చాలాసేపు నిలబడింది. నిజంగానే తను ఇక చదవలేదేమో! ఈ భయం ఆమెకు కొత్త కాదు. ఇంకొకరి నోట వినడమే కొత్త.

ఆమె పని కళ్ళద్దాల షాపు వెనక గదిలో. గుండ్రటి అద్దాన్ని యంత్రంలో బిగిస్తే, అది నీళ్ళు చిమ్ముకుంటూ ఫ్రేము ఆకారానికి అరగదీస్తుంది. బిగించడం, తీశాక అంచులు నునుపు చేయడం ఆమె పని. మధ్యలో నాలుగు నిమిషాలు యంత్రం పని. ఆ నాలుగు నిమిషాలూ ఇన్నాళ్ళూ ఫోనుకే ధారపోసింది. మర్నాడు ఫోను సంచిలోనే వదిలేసి పుస్తకం బల్ల మీద పెట్టుకుంది. అద్దానికి రెండు పేజీలు, జతకి నాలుగు. మందపాటి అద్దమైతే ఆరు నిమిషాలు పడుతుంది, మూడు పేజీలు. దాంతో చూపు బాగా మందగించిన వాళ్ళందరి మీదా ఆమెకు ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది.

ఒకరోజు షాపు యజమాని గుమ్మంలో నిలబడి చూస్తుంటే గతుక్కుమంది. ఆయన మాత్రం, "చదువుకో అమ్మాయ్, చదివేవాళ్ళు పెరిగితే మనకే గిరాకీ," అని వెళ్ళిపోయాడు.

నవల మహా బిగువుగా ఉంది. సముద్రం ఒడ్డున పాత హోటలు. లోపల గడియ వేసిన గదిలో హోటలు యజమానురాలు హత్యకు గురైంది. అనుమానితులు ఐదుగురు. నూట పన్నెండో పేజీలో ముసలి ప్లీడరు నేల మీద పడి ఉన్న ఉత్తరం తీసి, అందులో సంగతి పోలీసులకు గడగడా చదివి వినిపించాడు. చదువుతున్న ఆమె బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది. ముందు రోజు రాత్రి మెట్ల మీద ఆయన కళ్ళద్దాలు పగిలిపోయాయి కదా! అంతకు ముందు అధ్యాయంలో, అద్దాల వెనక ఆయన కళ్ళు పెద్దపెద్దగా కనిపించేవని రాశారు కదా! కళ్ళు పెద్దవిగా కనిపించాయంటే ప్లస్ పవరు. ఆ వయసులో అంత ప్లస్ పవరు ఉన్న మనిషి అద్దాలు లేకుండా చేతిలో ఉత్తరం చదవడమా? కల్ల. చూడకుండానే చెప్పాడంటే ఆ ఉత్తరం రాసింది తనే అయ్యుండాలి.

ఆ సాయంత్రం ఈ మాట మొగుడికి చెప్పింది. బస్సు డ్రైవరు ఆయన. పుస్తకం ముట్టుకోలేదు కానీ, కథ మొత్తం చెల్లెలు ఎప్పుడో చెప్పేసింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో ఏ రహస్యమైనా ఆయన బస్సు ఎక్కితే చివరి స్టాపు చేరేలోగా అందరికీ తెలిసిపోతుంది.

"చెప్పేయనా?" అన్నాడు కళ్ళు మెరిపిస్తూ.

"నోరు విప్పారంటే ఊరుకోను!" అని రెండు చెవులూ మూసుకుంది.

ఇక ఇంట్లో అసలు సిసలు అడ్డంకి వయసు రెండేళ్ళ మూడు నెలలు. పేరుకేం, మంచి పేరే పెట్టారు. కానీ పళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ పుస్తకాల మూలలు కొరికేస్తోందని అందరూ చిట్టెలుక అనే పిలుస్తారు. "పురుగు కడుపున ఎలుక పుట్టింది," అని తండ్రి తెగ మురిసిపోతాడు. మొదట్లో కొరికింది. తర్వాత చింపింది. ఆ తర్వాత తలకిందులుగా పట్టుకుని తిప్పింది. పద్దెనిమిది నెలలప్పుడు అట్ట పేజీల బాతుపిల్ల పుస్తకం ఒకటి దొరికింది. అంతే, దాన్ని చంక దించితే ఒట్టు. పాలు తాగినా, స్నానం చేసినా, అలిగి మంచం కిందకు దూరినా బాతుపిల్ల వెంట ఉండాల్సిందే.

తల్లి ఈ నెలలో చేస్తున్న కొత్త పని చిట్టెలుక కళ్ళబడింది. షాపు నుంచి రాగానే పదిహేను నిమిషాలు సోఫాలో లావు పుస్తకం పట్టుకుని కూర్చోవడం, లేచేముందు కవరు లోపల పెట్టి మూసేయడం. పిల్ల కూడా పక్కన చేరి బాతుపిల్లను ఒళ్ళో పెట్టుకునేది. వేలితో చూపిస్తూ తనకొచ్చిన మాటలు చదివేసేది. బొమ్మ ఒక్కటీ లేని తల్లి పుస్తకంలోకి తొంగిచూసి, పాపం అన్నట్టు మొహం పెట్టేది. ఒకసారి ఆ కవరు లాగేసింది. ఏ పేజీలో ఉందో దొరక్క తల్లికి ప్రాణం విసిగిపోయింది.

"గుర్తు తియ్యకూడదు! తీస్తే అమ్మ కథ పోతుంది. కథ అయ్యేదాకా గుర్తు ముట్టుకోకూడదు, తెలిసిందా?"

చిట్టెలుక పెద్ద కళ్ళతో వింది. ఆ రోజు నుంచి కవరు జోలికి పోలేదు. పోలేదు కానీ, అలాంటిది తనకూ కావాలని పోరు మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగుతుంటే వచ్చి కొంగు పట్టుకుని గుంజింది.

"నాకూ గుత్తు."

"అది అమ్మది బంగారం. నీది నువ్వు వెతుక్కో."

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆమె సోఫాలో దర్జాగా కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఇంక ఒక్క ఆకు మిగిలింది, రెండు పేజీలు. శనివారం షాపులోనే అయిపోయేదే. ఒక అద్దం చాలు. కానీ రెండేళ్ళ తర్వాత ముగించబోతున్న పుస్తకం, యంత్రం మోతలో ముగించడం ఇష్టంలేక ఇంటికి తెచ్చుకుంది. నాలుగు వందల పదో పేజీ చివర పోలీసు అధికారి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు," అన్నాడు. ఆమె ఆత్రంగా పక్క పేజీకి చూపు తిప్పింది.

తిప్పితే అట్ట.

మళ్ళీ చూసింది. అట్టే. చివరి ఆకు ఉండాల్సిన చోట, కుట్టు దగ్గర చిన్న చింపు మిగిలి ఉంది.

ఆమె పెట్టిన కేకకు మొగుడు షేవింగు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఇల్లంతా జల్లెడ పట్టారు. సోఫా దిండ్ల కింద, చెత్తబుట్టలో, బట్టల యంత్రంలో, ఆయన బూట్లలో కూడా వెతికారు. పదకొండు దాటింది. ఆయన ఆగలేక, "పోనీ చివర్లో ఏమైందో నేను..." అన్నాడు.

"వద్దు!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు చెబితే నేను విన్నట్టు. చదివినట్టు కాదు."

అప్పుడు అనుమానం పాత నేరస్తురాలి మీదకు మళ్ళింది. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని, "ఏదీ, నోరు తెరువు. కాగితం తిన్నావా?" అంది.

చిట్టెలుక నోరు బార్లా తెరిచి చూపించింది. లోపల అరటిపండు తప్ప ఏమీ లేదు. నోరు మూసుకుని, బాగా నొచ్చుకున్న గొంతుతో, "పుత్తకం తినకూడదు," అంది. "చదవాలి."

ఏడాది కింద ఒక్కో మూలా కొరికి ఉమ్మేసిన పిల్ల, ఇవాళ తల్లికే బుద్ధి చెబుతోంది. పట్టరాని ఆనందం కలిగింది ఆమెకు, అంత దిగులులోనూ. పిల్ల అంతటితో ఆగలేదు. గదిలోకి పోయి బాతుపిల్లను చంకనేసుకొచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. నాలుగో పేజీ దగ్గర పైకి పొడుచుకొచ్చి ఒక కాగితం కనిపించింది. సన్నటి అచ్చు. చివరన నాలుగు వందల పన్నెండు.

నీది నువ్వు వెతుక్కో అంది కదా. వెతుక్కుంది.

ఆమె చెయ్యి చాచింది. చిట్టెలుక రెండు చేతులూ పుస్తకానికి అడ్డం పెట్టి ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "తియ్యకు! గుత్తు! నా కథ పోతుంది!"

అప్పుడే గుమ్మం గంట మోగింది. పన్నెండుకు ఇరవై నిమిషాలు. ఆడపడుచు ఎప్పుడూ ముందు రావడమే తప్ప ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు. చేతిలో బిస్కట్ల డబ్బా. లోపలికి వస్తూనే ఎండిన నురగ మొహంతో ఉన్న అన్నయ్యను, నేల మీద వదినను, అట్ట తెరిచి పడున్న నవలను వరసగా చూసింది.

"అయిందా వదినా?"

"రెండు పేజీలున్నాయి."

"ఎక్కడా ఆ రెండు పేజీలు?"

వదిన బాతుపిల్ల వైపు చూపించింది. ఆడపడుచుకు విషయం అర్థమై నోరు నొక్కుకుంది. "లాగేసుకో వదినా! పిల్ల ఏడిస్తే నేను ఎత్తుకుంటా."

లాగేసుకోవచ్చు. ఒక్క క్షణం పని. కానీ ఆమె పెట్టిన కట్టుబాటే అది. కథ అయ్యేదాకా గుర్తు ముట్టుకోకూడదు. తను చదవడం చూసి నేర్చుకున్న పిల్ల ముందు, తన పుస్తకం కోసం ఆ మాట తప్పడానికి ఆమెకు మనసు ఒప్పలేదు. పోతే ఎనిమిదో కవరు పోతుంది.

"నీ కథే ముందు," అని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "ఎక్కడ ఆగావు?"

నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టారు. ఉన్నవి ఆరు పేజీలే. కానీ చిట్టెలుకతో చదవడం అంటే ఆషామాషీ కాదు. ప్రతి పేజీలో బాతులా అరవాలి. గడ్డిలో దాక్కున్న కప్పను కనిపెట్టాలి. కనిపెట్టాక ఆశ్చర్యపోవాలి. సరిగ్గా ఆశ్చర్యపోకపోతే మళ్ళీ మొదటినుంచి. పదకొండు యాభై. మొగుడు గడియారం కింద కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పదకొండు యాభై నాలుగుకు బాతుపిల్ల తల్లి రెక్క కిందకు చేరింది. చిట్టెలుక ఆఖరి అట్ట పేజీని రెండు చేతులతో మూసి, "అయ్యిందీ!" అని చప్పట్లు కొట్టింది.

కొట్టి, తన గుర్తును తానే బాతుపిల్ల పుస్తకంలోంచి లాగి తల్లి చేతిలో పెట్టింది. "అమ్మ కథ."

ఆమె పైకే చదివింది. ఒళ్ళో పిల్ల, ఎదురుగా ఆడపడుచు, గోడకానుకుని మొగుడు. పోలీసు అధికారి లేచాడు. మెల్లగా ముసలి ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. ఒక చిన్న కాగితం అందించి, "ఇది చదవండి," అన్నాడు. ప్లీడరు దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. ఒక్క అక్షరం చదవలేకపోయాడు.

"నేను చెప్పలేదూ!" అని ఆమె అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. "ప్లస్ పవరు! నూట పన్నెండో పేజీలోనే చెప్పానా లేదా?"

"చెప్పింది, చెప్పింది," అన్నాడు మొగుడు, నెల రోజుల బరువు దించుకున్నవాడిలా. "ఆ రోజు నేను నోరు మూసుకోవడానికి ఎంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు."

"నాకు చివరి పేజీ దాకా తట్టనే లేదు వదినా," అంది ఆడపడుచు. "నేను వంటమనిషే అనుకున్నా."

ఆఖరి వాక్యం చదివి తలెత్తేసరికి పన్నెండుకు ఇంకా రెండు నిమిషాలుంది. ఆడపడుచు బిస్కట్ల డబ్బా ఆమె ముందు పెట్టింది. మూత తీస్తే ఏడు కవర్లు. ఒక్కోదాని మీద ఆడపడుచు చేతిరాత. పుస్తకం పేరు, కింద పేజీ నంబరు.

"ఎగతాళికి దాచాననుకున్నావా? ఎక్కడ ఆగావో రాసిపెట్టా. ఏడు పుస్తకాలూ నా అలమారాలోనే ఉన్నాయి. ఏది ముందు తేవాలో చెప్పు."

ఆమె డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది, నవ్వుతూనే. "అన్నిటికంటే లావుది తే," అంది. "షాపులో రేపు అన్నీ మందపాటి అద్దాలే."

ఎనిమిదో కవరు మాత్రం ఆ డబ్బాలోకి వెళ్ళలేదు. పెద్దవాళ్ళు మాటల్లో ఉండగా చిట్టెలుక దాన్ని చేజిక్కించుకుంది. లావు నవలను నేల మీద పెట్టి, అట్ట తెరిచి, మొట్టమొదటి పేజీలో కవరును జాగ్రత్తగా సర్దింది. తర్వాత బొమ్మల్లేని ఆ పుస్తకాన్ని ఈడ్చుకుంటూ వచ్చి తల్లి మోకాళ్ళ మీదకు ఎత్తింది.

"మళ్ళీ," అంది.