రెండో బటన్

పుష్ప వేళ్లు తెగిపడిన సాయంత్రం కూడా ప్రసన్నకుమారి ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాల్సి వచ్చింది.

పరవాడ దగ్గర డబ్బా మూతలు నొక్కే షెడ్డులో పుష్పది ఆమె పక్క ప్రెస్సే. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్సు దిగాలి. చెయ్యి లోపల ఉండిపోకూడదని ఆ ఏర్పాటు. పని సాగడం లేదని సూపర్‌వైజర్ శ్రీరామ్మూర్తి అన్ని ప్రెస్సులకీ రెండో బటన్‌ను టేపుతో అణచి కట్టించేశాడు. పైగా ఆ మిషన్లు మగవాళ్ల ఎత్తుకు బిగించినవి. పుష్ప మునివేళ్ల మీద నిలబడి రేకు సర్దుతుంటే కాలు జారింది. ఒక చెయ్యి బటన్ మీద పడింది, ఇంకోటి ప్రెస్సు కింద ఉండిపోయింది. ఎముక నలిగిన చప్పుడు ప్రసన్నకుమారి ఒంట్లోకి దిగింది. నెత్తురు మొహాన చిమ్మింది. పుష్ప అరుస్తుండగానే శ్రీరామ్మూర్తి ముందుగా చేయించిన పని టేపులన్నీ పీకించడం.

"రేపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పుష్పే పరధ్యానంలో ఉంది, చూసుకోలేదు అని చెప్పండి" అన్నాడు అందరితో.

"నానలా సెప్పను" అంది ప్రసన్నకుమారి ఇంట్లో పులుసు కలుపుతూ, మొగుడు మైఖేల్‌తో.

"నీకెందుకే? పని పోతే ఏటి తింటావ్?"

"మరి దాని సెయ్యి?"

అతను ఆమె మణికట్టు పట్టి వెనక్కి మెలిపెట్టాడు. లోపల ఏదో పటుక్కుమంది. మొహాన్ని వంటగట్టుకేసి కొట్టాడు.

"ఆడు కోపంలో ఉన్నప్పుడు ఎదురు సెప్తావేటే? నువ్వే సూసుకోవాల" అంది గుమ్మంలోంచి అత్త దీవెనమ్మ.

సూసుకోవాల. పెదవి చిట్లినప్పుడూ అదే మాట, చెవి వాచినప్పుడూ అదే. ప్రతిసారీ నెత్తురు కడుక్కున్నది తనే. బాత్రూములో జారానని డాక్టరుకు చెప్పిందీ తనే. పుష్ప మీదకు నెట్టబోతున్న అబద్ధాన్ని తన మీద తనే ఇన్నాళ్లూ వేసుకుందా?

మర్నాడు షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ముందు ఒక్కొక్కరే నేర్పిన మాట వల్లించారు. ఆమె వంతు వచ్చింది.

"రెండో బటన్‌కి టేపేయించింది ఈ సూపర్‌వైజర్ సారేనండి. మిగతా ప్రెస్సులకి జిగురింకా ఉంది, సూడండి."

"అబద్ధమండీ!" అని శ్రీరామ్మూర్తి మీదికొచ్చాడు. ఆమె కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ వంగి బటన్ తడిమి చూశాడు. తర్వాత ఉబ్బిన ఆమె మణికట్టు కేసి చూశాడు.

"ఇదీ మిషన్లోనేనా అమ్మా?"

అలవాటైన అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కాదండి. మా ఆయన ఇరిసేసినాడు. అది ఎవలికి సెప్పాలో కూడా సెప్పండి, ఇటునుంచి ఇటే ఎల్తాను."