వెలిగిన పాపానికి నన్నే అనుమానించారు

నేను ఒక టెస్టర్ని. పసుపుపచ్చ పిడి, అందులో మినపగింజంత దీపం, ముందు స్క్రూడ్రైవరు మొన. కరెంటు ఉన్నచోట మొన తాకించి, వెనక ఇత్తడి టోపీ మీద వేలు పెడితే వెలుగుతాను. లేకపోతే వెలగను. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం ఆడలేదు. ఈ మాట మీలో ఎంతమంది అనగలరో మీరే చూసుకోండి.

ఏదో చిన్న కార్ఖానాలో వందలమందితో పాటు నన్నూ తయారుచేసి, అట్టకు గుచ్చి కాకినాడ పంపారు. అక్కడ కొట్టులో అయిదుగుర్ని ప్లగ్గులో పెట్టి చూసి, నన్ను ఎంచుకున్నవాడు కరెంటు పని చేసే యాకూబ్ మేస్త్రీ. ఏ ఇంట్లోనైనా వైరింగు పని అయ్యాక ఆ ఇంటివాళ్లను పిలిచి, మీకు నచ్చిన స్విచ్చు ప్లేటు ఒకటి చూపించండి, విప్పి చూపిస్తాను అనేవాడు. లోపల తీగలు ఎలా బిగించాడో, ఎర్త్ తీగ ఎక్కడికి పోతుందో వాళ్లు చూశాకే సంచీ సర్దేవాడు. అలాంటి చేతిలో పద్దెనిమిదేళ్లు బతికాను.

ఆ తర్వాత ఫణికుమార్ నన్ను ‘ఒక్క నిమిషం’ అని అడిగి తీసుకున్నాడు. ఆ నిమిషం ఇంకా పూర్తి కాలేదు. ఇతను పాత వంటిళ్లు పీకి కొత్తవి కట్టే కాంట్రాక్టరు. నాతో రంగు డబ్బా మూతలు తీశాడు, టైల్స్ మధ్య తెల్లజిగురు గీకాడు. ఒకసారి టీ కూడా కలుపుకున్నాడు.

అవన్నీ సహించాను. హైమావతిగారి వంటింట్లో చేసింది మాత్రం సహించలేను. ఆవిడ దోసెల పిండి రుబ్బి నలభై ఇళ్లకు అమ్ముతుంది. పెద్ద గ్రైండరు పట్టాలని వంటిల్లు మార్పించుకుంది. గ్రైండరు ప్లగ్గు దగ్గర, షాకు కొట్టకుండా కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ కోసం రావలసిన పచ్చ తీగను ఫణి రెండంగుళాల ముక్కగా కోసి, చివర టేపు చుట్టి, లోపలికి తోసేశాడు. అది ఎక్కడికీ పోదు. ఆ ప్లేటు మరలు బిగించింది నాతోనే. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

పాలు పొంగించిన రోజు చుట్టాలంతా పని ఎలా ఉందో చూశారు. ఎలా చూశారంటారా? అలమార్లలో లైట్లు వేసి, ఆర్పి, సొరుగులు చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయని మురిసిపోయారు. ఒక్క ప్లేటు విప్పమన్నవాడు లేడు. ఫణి ఫొటోలు తీసుకుని, నన్ను ఓ సొరుగులో మరిచిపోయి వెళ్లాడు.

రెండో వారం నుంచి గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమనడం మొదలైంది. ఫోను చేస్తే, కొత్త మోటారు కదా, చెప్పులేసుకోండి అన్నాడు ఫణి. మొదటి వాయి దేవుడికి చూపించనిదే ఆవిడ గిన్నెకెత్తదు, వంటింట్లో చెప్పులేమిటి? అందుకని ఆవిడ భర్త పేర్రాజుగారు కాళ్ల కింద చెక్కపీట వేశాడు. ఒక చుట్టం చేతులు తుడుచుకుని ముట్టుకోమంది, ఇంకొకావిడ ఎడమచేత్తో ముట్టుకోమంది. కరెంటుతో కాపురం ఎలా చెయ్యాలో అందరూ నేర్పారు గానీ, అసలు ఎందుకు కొడుతోందని అడిగినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఉదయం తడిచేత్తో తాకితే ఆవిడను విసిరికొట్టింది. మోచెయ్యి వాచింది. సొరుగు వెతికి నన్ను తీసి గ్రైండరుకి ఆనించింది. ఉన్న శక్తంతా పెట్టి వెలిగాను.

“పాత టెస్టరు, ఊరికే వెలుగుద్ది,” అన్నాడు పేర్రాజుగారు.

ఊరికే వెలుగుతానా! నోరుంటే ఆ రోజు ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ణి. హైమావతిగారు వాదించలేదు. పాత వంటింటికి వైరింగు చేసిన యాకూబ్ మేస్త్రీకి కబురు పంపింది.

పిడి మీద గుర్తుకని తను పెట్టుకున్న గాటు చూసి ఆయన నన్ను గుర్తుపట్టాడు. ప్లేటు విప్పి, రెండంగుళాల పచ్చ ముక్కను బయటికి లాగి చూపించాడు. పెరట్లోని ఎర్త్ గొయ్యి నుంచి తను ఒకప్పుడు తెచ్చి పెట్టిన తీగ కొత్త టైలు వెనకే ఉందనీ, టైలు పగలకొట్టాలనీ చెప్పాడు. నిన్నగాక మొన్న వేసిన టైలు, ఆ రంగు మళ్లీ దొరకదు, ఇంకో దారి లేదా అని పేర్రాజుగారు ఒకటే బతిమాలాడు.

హైమావతిగారు పీట దిగింది.

“టైలు పోతే వేరే రంగుదైనా అతికించుకోవచ్చండి. నన్నేం పెట్టి అతుకుతారు?”

పేర్రాజుగారు తల దించుకుని తనే వెళ్లి సుత్తి తెచ్చాడు. సాయంత్రానికి పని అయింది. మేస్త్రీ నన్ను ఆవిడ చేతికిచ్చాడు. గ్రైండరు తిరుగుతుండగా ఆనించింది. నేను వెలగలేదు. వెలగనందుకు నేను అంత సంతోషపడింది ఆ ఒక్కరోజే.

“ఇది నీ దగ్గరే ఉంచమ్మా,” అన్నాడాయన.

నెల తిరక్కుండా ఫణి కొత్త బేరం కోసం ఓ దంపతుల్ని ఈ వంటిల్లు చూపించడానికి తీసుకొచ్చాడు. తెల్లటైల్స్ మధ్య నీలంటైలు చూసి, ఇంత మంచి పనిని ఎవరు పాడుచేశారని నొచ్చుకున్నాడు. హైమావతిగారు వాళ్లకు కాఫీ ఇచ్చింది. తర్వాత సొరుగు తీసి నన్ను ఆ వచ్చినావిడ చేతిలో పెట్టింది.

“అలమార్లు బాగా చేస్తాడమ్మా. పనయ్యాక మాత్రం నీకిష్టమొచ్చిన ప్లేటొకటి విప్పించి చూడు.”

ఆవిడ ఫణి వైపు తిరిగి, విప్పి చూపిస్తారు కదా అని అడిగింది. అతను ఫోను తీసి, వంటింటి ఫొటోలు చూపించసాగాడు. ఆవిడ ఫొటోలు చూడలేదు. నన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది.