రెండో రాజు

పద్యమంటే నాకు ఒళ్లు మంట. తుఫాను తర్వాత పుట్టిన మంట కాదది, పెళ్లయిన కొత్తలోనే పుట్టింది. కాపరానికి వచ్చిన నెలలోనే ఒకరోజు పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుంటే మా ఆయన సూర్యారావుగారు పక్కన పీట వేసుకు కూర్చుని రాగం తీశారు. నేను మురిసిపోతానని ఆయన ఆశ. ఆయన రాగం వింటూ గరిటె తిప్పడం మర్చిపోయాను, పులుసు అడుగంటింది. ఆ పూట మా అత్తగారి చేత తిన్న చీవాట్లు ఈనాటికీ గుర్తే.

ఏటా సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి మా ఊళ్లో నాటకం వేస్తారు. ఎప్పుడో మా ఊరి బళ్లో పనిచేసిన పంతులుగారు రాసిన నాటకం. రాజ్యం పోగొట్టుకుని అడవులు పట్టిన ఒక రాజు కథ. ఆ పుస్తకం అచ్చయిందీ లేదు, పాడూ లేదు. ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి అలా వస్తోంది. తెల్లవార్లూ పద్యాలే కాబట్టి ఒక్క గొంతు తట్టుకోలేదని రాజు వేషాన్ని ఇద్దరికి పంచుతారు. సింహాసనం మీద కూర్చునే మొదటి రాజు ప్రకాశరావు బాబాయిగారు. అన్నీ పోగొట్టుకున్న రెండో రాజు మా ఆయన. మా పెళ్లి కాకముందు నుంచీ ఇదే పంపకం.

రాజు మారేచోట ఒక కట్టుబాటుంది. మొదటి రాజు రాగం ఎత్తి పట్టుకుని ఉండాలి. రెండో రాజు తెరపక్క నుంచి అదే శ్రుతిలో ఆ రాగం అందుకుంటూ రావాలి. ఆ గొంతు వినపడేదాకా మొదటాయన ఆపకూడదు. మధ్యలో రాగం తెగిందో, రెండో ఆయన ఆ వేషం మరి జన్మలో కట్టకూడదు. ఎవరు పెట్టారో ఈ చాదస్తం. తోటలో కొబ్బరికాయల దింపు ఎప్పుడు తీయించాలో పట్టనివాళ్లకి కూడా ఇది మాత్రం కంఠతా వచ్చు.

సరే, తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. సాయంత్రం మొదలైన గాలి తెల్లారేసరికి మా తోటని పడుకోబెట్టేసింది. మా మావగారు వేసిన చెట్లు. పీపాలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. అన్నీ ఒకే వైపు తలలు పెట్టి, చాపలు పరిచినట్టు పడున్నాయి. నిలబడ్డవాటికి నడినెత్తిన మొవ్వు విరిగిపోయింది. మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు నిలబడితే ఎంత, పడితే ఎంత? మా ఆయన గట్టు మీద నిలబడి చూశారు. చూసి, ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఒకరోజు పడుకున్నారంటే బాధ అనుకున్నాను. వారం పడుకున్నారంటే జ్వరమేమో అనుకుని చెయ్యి వేసి చూశాను. జ్వరం లేదు, ఏమీ లేదు. ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. పైకప్పు మీద బరకం కట్టింది నేను. బావిలో పడ్డ చెత్త తోడింది నేను. బియ్యం పంచుతున్నారంటే నీళ్లలో నడిచి వెళ్లి నిలబడింది నేను. నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చి, యజమాని సంతకం పెట్టాలి, ఆయన్ని పిలవండి అన్నాడు. యజమాని మంచం దిగనంటున్నాడు బాబూ, మీరే లోపలికి రండి అన్నాను. వాడు నావైపు అదోలా చూశాడు. అమ్మాయి ప్రశాంతి ఇదంతా చూడలేకపోతోందని ఆత్రేయపురంలో మా అన్నయ్యగారింటికి పంపేశాను.

అసలు సంగతి తిండి దగ్గర వచ్చింది. కంచం పెడితే ఇటు తిరిగేవారు కాదు. బతిమాలితే నాలుగు మెతుకులు. కోప్పడితే అవీ లేవు. అంతలో పక్క ఊళ్లో ఒక రైతు పురుగుల మందు తాగాడని తెలిసింది. ఆ మాట విన్న పూటే కొట్టుగదిలో ఉన్న మందు డబ్బా తీసి, కొంగు కింద పెట్టుకుని, తీసుకెళ్లి మా తోడికోడలు ఇంట్లో దాచి వచ్చాను. వచ్చేసరికి మా ఆయన కళ్లు తెరిచి ఉన్నారు. తుఫాను తర్వాత నాతో అన్న మొదటి మాట అప్పుడే అన్నారు.

"నేనూ పడిపోయేననుకో, లీలా."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకెప్పుడూ రాలేదు. పడిపోయేననుకోవాలా? చెట్లు పడితే ఏడ్చాను, పెంకులు ఎగిరితే కట్టుకున్నాను, మనిషి పడిపోతే నేనేం కట్టుకోను? ఇవన్నీ అనాలనుకున్నాను. వెళ్లి అంట్లు తోముకున్నాను.

షష్ఠి దగ్గరపడింది. ఈ ఏడు తీర్థం ఏమిటి, నాటకం ఏమిటి అని నేననుకుంటున్నాను. ఒకరోజు పొద్దున్నే ప్రకాశరావు బాబాయిగారు వచ్చారు. అరవై దాటిన మనిషి, ఉబ్బసం. నాలుగడుగులు వేస్తే రొప్పుతారు. ఊళ్లో కరెంటు ఇంకా రాలేదు కాబట్టి మైకు లేకుండా, దీపాలతో పనిలేకుండా మధ్యాహ్నం పూట వేసేస్తున్నామని చెప్పారు. తెల్లవార్లూ కాదట, మూడు ఘట్టాలేనట. సూరిబాబుని పంపమ్మా అని మా ఆయన కోసం అడిగారు.

నేను నోరు పారేసుకున్నాను. ఊరంతా తినడానికి లేక చస్తుంటే మీకు కిరీటాలు కావలసివచ్చేయా బాబాయిగారూ అన్నాను. లోపలున్న మనిషి తన కంచం ముందు తాను కూర్చోలేకపోతున్నాడు, మీ సింహాసనం ముందు నిలబడతాడా అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి విన్నారు. ఆయన అరుగు మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుంటూ, నేను అలిసిపోయేదాకా విన్నారు.

"ఆయ్, నువ్వన్నదంతా నిజమేనమ్మా. నా తోటా పోయింది. అయితే రెండో రాజు అన్నీ పోయినవాడే కదా. ఈ ఏడు మావాడు కొత్తగా కట్టవలసిన వేషం ఏముంది?"

ఆయన లేచి, మంచం ఉన్న గది కిటికీ దగ్గరకి వెళ్లి, లోపలికి వినపడేలా ఒక్క మాట అన్నారు.

"నేను రాగం తెంపనురా. వచ్చేదాకా పట్టుకునుంటాను."



షష్ఠినాడు మధ్యాహ్నం అన్నం వండి పెట్టాను. మామూలే, గోడవైపు తిరిగిన వీపు. గుడి దగ్గర నాటకం మొదలైనట్టు తెలుస్తూనే ఉంది. మామూలు రోజుల్లో మైకు ఉంటే గానీ మా ఇంటికి వినపడేది కాదు. ఇప్పుడు అడ్డంగా ఒక్క చెట్టూ లేదు. హార్మణీ సత్తియ్య వాయిస్తున్న ప్రతి మెట్టూ మా వంటింట్లో వినపడుతోంది. బాబాయిగారి పద్యాలు ఒకదాని తర్వాత ఒకటి అయ్యాయి. తర్వాత ఆయన రాగం ఎత్తి పట్టుకున్నారు.

పట్టుకుని అలాగే ఉన్నారు.

నేను గిన్నెలు సర్దుతున్నాను. రాగం సాగుతోంది. మధ్యలో దగ్గు తెర. అది తగ్గేదాకా రాగం తెగకుండా సత్తియ్య శ్రుతి. మళ్లీ రాగం. గొంతు జీర పోతోంది. ఊపిరి అందక ఈల వేసినట్టు ఏదో చప్పుడు. ఇక ఆపుతారు, ఇక ఆపుతారు అనుకుంటున్నాను. ఆపరే! చేతిలో గిన్నె విసిరికొట్టి గదిలోకి వెళ్లాను.

"ఆ ముసలాయన అక్కడ చచ్చిపోయేలా ఉన్నాడు. మీరు వెళ్లకపోతే పోనీ, కట్టనని ఒక్క మాట చెప్పి పంపండి, ఆపుతారు. ఆ పాపం కూడా నా నెత్తినే వేస్తారా?"

దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నారు. అంతే. నేనే చెప్పి వస్తాను అని అరిచి, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వచ్చాను.

గుడి దగ్గర పందిరి లేదు. పడిన కొబ్బరి మొద్దులు పేర్చి, పైన బల్లలు వేసి స్టేజీ కట్టారు. జనం బురదలోనే గోనెపట్టాలు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్లని తోసుకుంటూ ముందుకి వెళ్లాను. బాబాయిగారి మొహం నల్లబడిపోయింది. ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి గాలిలో చాపి, రాగం లాగుతున్నారు. ఇక చాలు, ఆయన రారు, ఆపండి బాబాయిగారూ అని కింద నుంచి కేకలేశాను. ఆయన నన్ను చూశారు. చూసి, ఆ గాలిలో ఉన్న చెయ్యే వద్దన్నట్టు ఊపారు. ఒకళ్ల మీద ఒకళ్లకి ఇంత మొండితనం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. జనం పక్కకి జరుగుతున్నారు. తిరిగి చూద్దును కదా, మా ఆయన. మాసిన లుంగీ, పెరిగిన గడ్డం, ఒంటి మీద చొక్కా లేదు. గోడలు పట్టుకుంటూ వచ్చినట్టున్నారు, చేతులకి సున్నం అంటుకుని ఉంది. నావైపు చూడలేదు. స్టేజీ ఎక్కడానికి ఇద్దరు సాయం పట్టారు. ఎక్కి, బాబాయిగారి మీద విసుక్కున్నారు.

"శ్రుతి దిగిపోతోందండీ. ఎక్కడికి దింపేసేరో చూసుకున్నారా?"

అని, రాగం అందుకున్నారు. బాబాయిగారు ఉన్నచోటే చతికిలబడిపోయారు. ఎవరో నీళ్లు తెచ్చి తాగించారు.

గొంతు బాగుందని చెప్పను. తిండి లేని గొంతు. బొంగురుగా, సన్నగా ఉంది. అయినా జనం కదల్లేదు. రాగం అయ్యాక పద్యం ఎత్తారు. అడవిలో ఒంటరిగా నిలబడి రాజు తనకు తాను చెప్పుకునే పద్యం.

రాజ్యమేగెనేని రాజు పోవునె ధర
కోట కూలెనేని గుండె లేదె
చీకటెంత యున్న చెదరనేల మనసు

అక్కడ ఆగిపోయారు. సత్తియ్య అదే మెట్టు పట్టుకుని ఎదురుచూశాడు. మా ఆయన నోరు తెరిచారు, మూశారు. ఇన్నేళ్లుగా పాడిన పద్యం. నాలుగో పాదం రావడం లేదు. అందరికీ వచ్చు ఆ పాదం, కాని ఒక్కరూ అందించరు. వేషగాడి పద్యం ఇంకొకరు అందిస్తే ఆయనకి అవమానమని. అవమానమట! ఆయన చూపు మెల్లిగా జనం మీద నుంచి జారి, మా తోట ఉన్న వైపు వెళ్లిపోతోంది. నాకు తెలిసిపోయింది. ఇప్పుడు దిగి వెళ్లిపోతే మరి ఈ మనిషి నాకు దక్కడు.

ఆ పాదం నేనెప్పుడూ నేర్చుకోలేదు. విసుక్కుంటూ, చెవులు మూసుకుంటూ, వినీ వినీ నాకు పట్టేసింది. ఎప్పుడు నోరు తెరిచానో తెలియదు. పద్యంలా కాదు, మంచం దిగని మనిషిని కసిరినట్టు కసిరాను.

"లేచి నిలుచువాడె లెక్కకెక్కు!"

కొందరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మా ఆయన అప్పుడు నావైపు చూశారు. అన్నాళ్లకి చూశారు. ఆ పాదం అందుకుని పాడారు. వన్స్ మోర్ అన్నారు జనం. మళ్లీ పాడారు. ఆ రెండోసారి జనమంతా గొంతు కలిపారు. తోటలు పోయినవాళ్లు, పడవలు పోయినవాళ్లు, నా పక్కన కూర్చున్న కూలిజనం. ఎంత గట్టిగా పాడారో! నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

ఇంతటితో అంతా బాగుపడిపోయిందని చెబితే మీరు నమ్మినా నేను నమ్మను. మర్నాడు తెల్లారేసరికి చెట్లు లేచి నిలబడలేదు. మా ఆయనా లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. మధ్యాహ్నం అన్నం పెడితే ఇటు తిరగలేదు. నిన్న ఊరంతా చూస్తుండగా రాజు, ఇవాళ నా ముందు మళ్లీ వీపు. పిలిచాను. బతిమాలాను. చివరికి ఏం చెయ్యాలో తోచక, మంచం పక్కన నేల మీద చతికిలబడి, పద్యం ఎత్తుకున్నాను.

నా గొంతు సంగతి మా వీధికంతటికీ తెలుసు. రాగం ఎటో, పాదం ఎటో. మొదటి పాదంలోనే ఊపిరి చాలక ఆగి మళ్లీ ఎత్తుకున్నాను. రెండో పాదం కీచుమంది. వీపు కొంచెం కదిలింది. నేను చూడనట్టే మూడో పాదం ఇంకా పెద్దగా అందుకున్నాను. పక్కింటి రత్నం గుమ్మంలోకి వచ్చి చూసి వెళ్లిపోయింది. నాలుగో పాదానికి వచ్చేసరికి పాడుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. అయినా ఆపలేదు. అయిపోగానే మళ్లీ మొదటికి వచ్చాను.

మంచం కిర్రుమంది. మా ఆయన లేచి కూర్చున్నారు. రెండు చేతులతో తల పట్టుకుని, తుఫానుకి ముందు ఎలా విసుక్కునేవారో అలా విసుక్కున్నారు.

"అంత ఘోరంగా పాడకే తల్లీ. ఆ అన్నం ఇలా పెట్టు, తింటాను."

పెట్టాను. ఆయన తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుని పాడుతూనే ఉన్నాను.