అంబరులో చీమ

ఈరమ్మ రోజూ పొద్దున్నే సాతంరాయిలో బస్సెక్కి, అత్తాపూర్‌లో స్వరాజ్యం మేడమ్ ఇంటికి పనికి పోయేది. మేడమ్ కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెప్పేది. ఆమె బల్ల మీద తేనెరంగు అంబరు రాయి ఉండేది. కోట్ల ఏళ్ల కింద చెట్టుబంకలో చీమ చిక్కుకుంది. బంక రాయైంది, చీమ లోపలే ఉండిపోయింది. అయినా అది పొద్దున అందులోనే అటూ ఇటూ నడిచేది, ఎండెక్కితే పడుకునేది. ఎవరైనా మాట్లాడితే మీసాలు అటు తిప్పేది. ఈరమ్మ దానికి నిద్రాభంగం కాకుండా బల్ల తుడిచేది.

ఆ జాతి చీమలు భూమ్మీద ఇంకెక్కడా లేవని మేడమ్ చెబితే, ఈరమ్మకు మొగుడు సోమయ్య గుర్తొచ్చాడు.

వాళ్లు సాగుచేసుకునే చెలక విమానాశ్రయంలో కలిసిపోయింది. అంతకుముందే, మూడేళ్లకే జ్వరమొచ్చి పోయిన బిడ్డ సంతోషిని ఆ చెలక గట్టునే పూడ్చుకున్నారు. మొదటి విమానం లేచిన రోజు నుంచి సోమయ్య నోరు విప్పలేదు. రెండేళ్లు చూసి, ఇక వల్లకాక, కందుకూరులో తమ్ముడి దగ్గరికి పోదామని ఈరమ్మ బట్టలు మూటగట్టుకుంది.

అప్పుడే మేడమ్ ఊరికి పోవాల్సొచ్చింది. ఒంటరిగా ఉంటే చీమ నడవడం మానేస్తుందని, రాయిని ఈరమ్మకు అప్పగించింది. ఈరమ్మ దాన్ని ఇంట్లో గూట్లో పెట్టి, దాని సంగతి సోమయ్యకు చెప్పింది.

మర్నాడు నీళ్లు తెచ్చేసరికి లోపల మాట వినబడింది. బిందె దించకుండా తలుపు దగ్గరే ఆగింది.

సోమయ్య రాయి ముందు కూర్చుని ఉన్నాడు.

"నీకు గూడ ఎవలు లేరంట గదా," అంటున్నాడు చీమతో. "మా సంతోషికి చీకటంటే భయం. ఒక్కదాన్నే పండవెట్టి వచ్చిన. ఇప్పుడు మీదికెల్లి గంత బరువు."

చీమ మీసాలు కదపకుండా వింది.

ఈరమ్మ లోపల అడుగు పెట్టగానే మాట ఆగిపోయింది. అప్పట్నుంచి రోజూ తలుపు వెనకే ఉండి వినేది.

మేడమ్ తిరిగొచ్చి, రాయిని విదేశపు మ్యూజియానికి పంపాలంది.

"నా పెనిమిటి దానితోనే మాట్లాడుతడమ్మా. జర ఉండనియ్యుండ్రి."

"అది నాది కాదు ఈరమ్మా. చూసి పంపమని వాళ్లు నాకిచ్చారంతే," అంది మేడమ్ తల దించుకుని.

రాయిని తీసుకెళ్లిన విమానం వాళ్ల చెలక మీంచే లేచింది. సోమయ్య వాకిట్లో నిలబడి అది కనిపించినంతసేపు చూసి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఈరమ్మ మూట విప్పేసి ఎదురుగా కూర్చుంది.

"ఇగ నాకు చెప్పు. నేను గూడ తల్లినే గదా."

అతను ఖాళీ గూటివైపు చూశాడు.

ఈరమ్మ కందుకూరు పోలేదు. పని నుంచి రాగానే చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ చీమలాగే కదలకుండా అతని ముందు కూర్చుంటుంది. సోమయ్య ఇంతవరకూ మాట్లాడలేదు.