ఎవరూ చెయ్యెత్తని బడి

ఆ బడిలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని గొంతు చించుకునేది సైన్సు టీచరమ్మ ఒక్కతే. స్టాఫ్ రూములో టీ కప్పు చేతికొస్తే చాలు, మొదలుపెట్టేది. దెబ్బ తిన్న పిల్ల బుర్ర భయంతో బిగుసుకుపోతుందనీ, అలాంటప్పుడు ఎంత చెప్పినా తలకెక్కదనీ బోర్డు మీద బొమ్మ వేసినంత వివరంగా చెప్పేది. ఎదురు కుర్చీలో డ్రిల్ మాస్టారు టీలో బిస్కెట్టు ముంచుకుంటూ వినేవాడు.

“నా బుర్ర బిగుసుకోలేదే టీచర్? చిన్నప్పుడు నేను తిన్నన్ని దెబ్బలు ఈ బడి మొత్తం కలిసి తిని ఉండదు.”

“బిగుసుకున్న సంగతి బుర్రకెలా తెలుస్తుంది మాస్టారూ!” అనేది ఆమె. అందరూ నవ్వేవారు. ఆయన కూడా నవ్వి, గంట కొట్టగానే వెళ్ళి ఎవరో ఒకరి చెవి మెలిపెట్టేవాడు.

హెడ్మాస్టారికి ఇద్దరూ కావలసినవాళ్ళే. టీచరమ్మ మాట్లాడితే తల ఊపేవాడు, మాస్టారి పీరియడులో పిల్లలు నోరు మెదపకుండా నిలబడితే మురిసిపోయేవాడు.

అలాంటి రోజుల్లో, చుట్టుపక్కల బళ్ళన్నిటికీ కలిపి వక్తృత్వ పోటీ వచ్చింది. అంశం ‘బడిలో దెబ్బలు అవసరమా?’ అవసరం లేదని వాదించే పిల్లను తయారుచేసే పని టీచరమ్మకే అప్పగించారు. ఆమె ఏడో తరగతిలోంచి ఒక పిల్లను ఏరుకుంది. నోరు మూతపడదని క్లాసులో అందరూ ఆ పిల్లను ‘రేడియో’ అనేవారు. తండ్రికి ఫ్యాన్లూ టీవీలూ బాగుచేసే కొట్టుంది.

ఉపన్యాసం టీచరమ్మే రాసింది. హెడ్మాస్టారు చదివి, కళ్ళజోడు సవరించుకుని, ఒక వాక్యం కలిపాడు. ‘మా బడిలో ఏ టీచరూ పిల్లల మీద చెయ్యెత్తరు, అందుకే మేం నవ్వుతూ బడికొస్తాం.’

“అది నిజం కాదు కదండీ,” అంది టీచరమ్మ.

“రేపో మాపో అవుతుంది కదమ్మా. మీరుండగా అవ్వకపోతుందా!”

ఆ మాట ఆమెకు తియ్యగానే తగిలింది. వాక్యం ఉండిపోయింది.

రోజూ బడి వదిలాక ల్యాబులో సాధన. రేడియో గడగడా చెప్పుకొచ్చి, సరిగ్గా ఆ వాక్యం దగ్గర ఆగిపోయేది. “మా బడిలో... మా బడిలో...” అంటూ పైకప్పు చూసేది. ఎన్నిసార్లు మొదటికొచ్చినా అంతే. టీచరమ్మ బుజ్జగించింది, తర్వాతి మాట అందించింది, చాక్లెట్టు ఇస్తానంది.

పోటీకి ముందురోజు ఎండకి ల్యాబు కొలిమిలా ఉంది. దిద్దాల్సిన పేపర్లు బల్ల మీద గుట్టపడి ఉన్నాయి. హెడ్మాస్టారు తలుపులోంచి తొంగిచూసి “వచ్చేసిందా?” అని అడిగి వెళ్ళాడు. రేడియో మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది.

చెంప ఛెళ్ళుమంది.

టీచరమ్మ తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. రేడియో ఏడవలేదు. ఆ వాక్యం తప్పు లేకుండా చెప్పింది. మిగతాది కూడా ఊపిరి తీసుకోకుండా ముగించి, నమస్కారం పెట్టి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మొదటి బహుమతి ఆ పిల్లదే. ‘ఏ టీచరూ చెయ్యెత్తరు’ అన్నచోట న్యాయనిర్ణేతల్లో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది కూడా.

తండ్రి మిఠాయి పొట్లంతో స్టాఫ్ రూముకొచ్చాడు.

“అంతా మీ చేతి చలవేనండీ! ఎన్నాళ్ళనుంచో అక్కడే ఆగిపోతోందట, మీరొక్కటి తగిలించారట, గడగడా వచ్చేసిందట. మొండికేసిన టీవీకి నెత్తిన ఒకటిస్తే బొమ్మ రాదూ? ఇదీ అంతే!”

డ్రిల్ మాస్టారు రెండు మిఠాయిలు తీసుకున్నాడు. “నేను మీలా పుస్తకాలు చదవలేదు టీచర్. ఫలితం మాత్రం కళ్ళముందుంది.”

టీచరమ్మ మిఠాయి బల్ల మీదే వదిలేసింది. సాయంత్రం రేడియోను ల్యాబుకి పిలిచింది.

“నిన్ను కొట్టడం తప్పమ్మా. నన్ను క్షమించు.”

“ఫర్లేదు టీచర్.”

“ఆ ఒక్క వాక్యమే ఎందుకు మర్చిపోయేదానివి?”

“మర్చిపోలేదు టీచర్. మొదటిరోజే వచ్చేసింది.”

“మరి?”

“అది అబద్ధం కదా. డ్రిల్ సార్ ఆ వారమే నా చెవి మెలిపెట్టారు. మీతో చెబుదామని ఆగేదాన్ని. ఈలోపు మీరు అందించేసేవాళ్ళు.”

“మరి ఆ రోజు ఎలా చెప్పావు?”

“మీరు కూడా కొట్టారు కదా. ఇంక ఎవరికి చెప్పాలి టీచర్?”

ఆ వారం తల్లిదండ్రుల సమావేశంలో టీచరమ్మ లేచి నిలబడింది. హెడ్మాస్టారు కళ్ళతో వారిస్తున్నా జరిగిందంతా చెప్పింది, తన దెబ్బతో సహా. “నా దెబ్బ ఆ పిల్లకు పాఠం నేర్పలేదు. అబద్ధం చెప్పడం నేర్పింది,” అంది.

వెనక వరసలోంచి ఒకాయన అడిగాడు.

“ఇంతకీ ఫస్టు ప్రైజు వచ్చిందా, లేదా?”

“వచ్చింది గానీ...”

“మరింకేమండీ!”

చప్పట్లు మోగాయి. ఒక తల్లి దారికడ్డొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “మా చిన్నదాన్ని మీ దగ్గరే ట్యూషన్‌కి పంపుతానండీ. మీరైతే అవసరమైనప్పుడు వెనకాడరు.”

బయట డ్రిల్ మాస్టారు మాత్రం ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. “నేను చెవి మెలిపెట్టిన సంగతి అంతమందిలో చెప్పాలా టీచర్?” అన్నాడు. ఆ తర్వాత ఆయన చెవుల జోలికి వెళ్ళడం తగ్గించాడు. మనసు మారి కాదు, పిల్లలు బయట చెబుతున్నారని.

మరుసటి ఏడు పోటీలకు పేర్లు రాసుకోవడానికి టీచరమ్మ ఎనిమిదో తరగతికి వెళ్ళింది. ఉపన్యాసం అనగానే క్లాసంతా రేడియో వైపు తిరిగింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“నాకు పరుగుపందెం రాయండి టీచర్.”

టీచరమ్మ ఆ పిల్ల పేరు పరుగుపందెం కిందే రాసుకుంది.