గీతల్లేని వేలు

మా అత్త రుక్మిణమ్మకు ఇత్తడంటే ప్రాణం. పనిమనిషి తోమితే మెరుపు రాదంటాది. అందుకని హిందూపురంలో మా ఇంట్లో బిందెలు, చెంబులు, గంగాళం అన్నీ చింతపండూ బూడిదా పెట్టి పొద్దున్నే నేనే తోమల్ల. తోమి, వండి, బస్సెక్కి పెనుకొండలో ఆఫీసు చేరేసరికి గూడా చేతులు పులుపు వాసనొస్తాంటాయి. ఆడా ఇదే కత. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది నేను, కింద పడే పేరు మా సూపరింటెండెంటు బాలప్ప సారుది. ఆఫీసంతటికీ ఉండే పాస్‌వర్డు ఒకటే, అది ఆయనది. ఇంట్లో మెరుపు అత్తది, ఆఫీసులో పేరు సారుది, మరి నాకేముండాది అని బస్సు కిటికీ కాడ కూర్చోని నవ్వుకుంటాంటి.

రెండువేల ఏడులో కొత్త పద్ధతి వచ్చె. ఇంక ఎవరి లాగిన్ వాళ్లదే. మిషను మీద వేలు పెడితేనే తెరుచుకుంటాది, చేసిన పని కింద చేసినోళ్ల పేరే పడతాది. ఆ మాట విన్నప్పట్నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. కంపెనీ నుంచి పవిత్ర అనే అమ్మాయి మిషను తెచ్చి అందరి చేతా వేళ్లు పెట్టించె. బాలప్ప సారుది ఒక్క తూరికే తీసుకునె. నాది ఏ వేలు పెట్టినా ఎర్రలైటే. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోని వెలుతురులో చూసి, "మేడం, గీతలన్నీ అరిగిపోయినాయి. అంట్లు తోమతారా?" అనె.

"పోనీలేమ్మా భాగ్యశ్రీ," అని సారు ఓదార్చె. "నా వేలుండాది గదా. పని నువ్వు చెయ్, వేలు నేను పెడతా."

నాకు ఒళ్లు మండిపాయ. పవిత్ర మెల్లగా చెప్పె, ధర్మవరంలో పని చూసుకోని సోమవారం మళ్లా వస్తానని, అంతవరకూ బూడిద ముట్టకుండా కొబ్బరినూనె పూస్తే గీతలు తేలతాయని. అప్పుడూ పడకపోతే నా పనంతా సారు పేరు మీదే నడుస్తాదంట.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నదున్నట్లు చెప్తి. "ఈ వారం నేను తోమను." మా ఆయన లక్ష్మీనారాయణ తింటాండే ముద్ద నిలిపి, "మరెవరు తోమతారు?" అనె. నేను ఆయన దిక్కే చూస్తి. "మొగోడు అంట్లు తోమితే ఈదిలో వాళ్లు ఏమనుకుంటారే?"

అత్త అరుస్తాదనుకుంటి. ఆమె మాత్రం తన బొటనవేలు లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూసుకుంటాండాది. "నాది చూడు భాగ్యా. గాజు మాదిరి ఉండాది. ఇన్నేండ్లూ నాకెవురూ చెప్పలేదే." ఆ వేలిని నా చేతిలోకి తీసుకుని నూనె రాస్తి. ఆమె కొడుకు దిక్కు తిరిగి, "ఒరే నారాయణా, అంత సిగ్గయితే పెరటి తలుపేసుకోని తోము," అనె.

ఆ వారమంతా మూసిన తలుపు ఎనక చెంబుల మోత. ఆయన గొణుగుడు వినుకుంటా నేనూ అత్తా వసారాలో కూర్చోని కాఫీ తాగితిమి. పెండ్లయినాంక కాఫీ వేడిగా తాగింది ఆ వారమే.

సోమవారం వేలు పెడితి. పచ్చలైటు వెలిగి, తెర మీద 'భాగ్యశ్రీ' అని పడె. పవిత్ర చప్పట్లు కొట్టె. నేను వేలు తీసి మళ్లా పెడితి. ఊరికే, ఇంకోసారి చూసుకుందామని.

ఇంటికి పోతే మా ఆయన నవ్వుకుంటా ఎదురొచ్చి, కొబ్బరిపీచు నా చేతికియ్యబోయె. "నీ వేలు పని అయిపాయ గదా. ఇంక ఇదో."

"యాడ అయిపాయ?" అంటి. "నేను నేనేనా అని ఆ మిషను దినామూ అడుగుతాదంట."

పీచు ఆయన చేతిలోనే ఉండాది. నేను పోయి పెరటి తలుపు బార్లా తెరిచిపెడితి.